పార్లమెంటుకెక్కిన మా ఇంటి మాట

ఐర్లండులో ఓటు అడగడానికి వచ్చినవాళ్ళు గుమ్మం దాటి లోపలికి రారని అప్పటికి నాకు తెలియదు. తలుపు కొడతారు, చేతిలో ఒక కాగితం పెడతారు, వాన గురించి ఒక మాట అంటారు, పక్కింటికి వెళ్ళిపోతారు. అదీ ఇక్కడి పద్ధతి. మాకు పౌరసత్వం వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. ఓటు కొత్త, డబ్లిన్ శివార్లలో సిటీవెస్ట్‌లో కొనుక్కున్న ఇల్లు కొత్త. ఒక శనివారం మధ్యాహ్నం మా ప్రాంతపు పార్లమెంటు సభ్యుడు, ఇక్కడ టీడీ అంటారు, స్వయంగా వచ్చి తలుపు కొట్టేసరికి నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. మా తెనాలి వైపు ఎమ్మెల్యే ఇంటి ముందుకొస్తే గుమ్మంలో నిలబెట్టి పంపించేవాళ్ళు ఎవరైనా ఉంటారా? లోపలికి రమ్మన్నాను. ఆయన మొహమాటపడ్డాడు. వెంట వచ్చినావిడ ఇంకా వీధంతా తిరగాలని గుర్తు చేసింది. నేను వినిపించుకోలేదు. ఆవిడ చేతిలోని కాగితాలు తీసుకుని బల్ల మీద పెట్టేశాను.

ఆ రోజు నిమ్మకాయ పులిహోర చేశాను. ఇద్దరికీ పళ్ళేల్లో పెట్టి, ఫిల్టర్ కాఫీ కలిపాను. ఆయన మొదట చెంచాతో రెండు మెతుకులు రుచి చూశాడు. తర్వాత పళ్ళెం ఖాళీ చేశాడు. మారు వడ్డిస్తే వద్దనలేదు. అద్దెలు పెరగడం గురించీ, పొద్దున్నే లువాస్ ట్రాములో నిలబడడానికి కూడా చోటు లేకపోవడం గురించీ, కొత్తగా వచ్చినవాళ్ళను ఏ జీపీ డాక్టరూ చేర్చుకోకపోవడం గురించీ నేను చెప్పాను. ఆయన శ్రద్ధగానే విన్నాడు. మంచి మనిషి. ఆ మాట ఇప్పటికీ అంటాను.

అప్పుడు మావారు అందుకున్నారు. మావారిది అనంతపురం జిల్లా. క్లోనీ దగ్గర కట్టిన పెద్ద డేటా సెంటర్లో ఇంజనీరు. నోరు తెరిస్తే ఎదుటివాళ్ళను నవ్వించకుండా వదలరు. డబ్లిన్ డాక్‌ల్యాండ్స్‌లో రోజుకో అద్దాల మేడ లేస్తోందా అన్నట్టుండే రోజులవి. ప్రతి వారం ఎవరో ఒక కొత్త తెలుగు కుటుంబం సూట్‌కేసులతో దిగేది, వాళ్ళ మొదటి భోజనం మా ఇంట్లోనే, మొదటి నవ్వు మావారి జోకుకే.

టీడీ మాటల్లో మాటగా ఒక బిల్లు సంగతి ఎత్తాడు. పేద దేశాలకు ఐర్లండు చేసే సాయం ఏ ఏటికాయేడు ప్రభుత్వం దయ. ఉంటే ఇస్తారు, గడ్డురోజులొస్తే కోత పెడతారు. అలా కాదు, దేశ ఆదాయంలో ఇంత వాటా తప్పనిసరిగా ఇవ్వాలి, ఎవరు గద్దెనెక్కినా దాన్ని మధ్యలో ఆపకూడదు అని చట్టం చెయ్యాలన్నది ఆ బిల్లు. మీరు అటునుంచి వచ్చినవాళ్ళు కదా, నాకంటే మీకే బాగా తెలుస్తుంది, ఏమంటారు అని అడిగాడు.

ఇక చూసుకోండి. మా దగ్గర రోడ్డు కాగితం మీదే వేస్తారు, కాగితం మీదే గుంటలు పడతాయి, మళ్ళీ కాగితం మీదే పూడుస్తారు అన్నారు మావారు. మీరు పంపే డబ్బు కింది వాడి నోటి దాకా వచ్చే లోపల పైవాళ్ళ పొట్టలు నిండుతాయి, అక్కడ ఎవరికీ ఏమీ అందదు, ఆ డబ్బేదో మీ ఆసుపత్రులకు ఖర్చు పెట్టుకోండి అన్నారు. టీడీ పగలబడి నవ్వాడు. వెంట వచ్చినావిడ కూడా నవ్వింది. కాఫీ గ్లాసులు తీస్తూ నేనూ నవ్వాను.

ఇందులో మాకు కొత్తేమీ లేదు. మన ఇళ్ళలో నలుగురు చేరితే భోజనాలయ్యాక వడ్డించుకునేది ఇదే కదా. మన నాయకులు, మన దొంగలు, మన లంచాలు. ఎవరు బాగా తిడితే వాళ్ళ చుట్టూ ఎక్కువమంది చేరతారు. మర్నాడు పొద్దున లేస్తే మళ్ళీ ఆ ఊరి వార్తలే చూస్తాం, క్రికెట్లో ఆ దేశమే గెలవాలని గొంతు చించుకుంటాం. సొంతవాళ్ళను తిట్టుకోవడం మనకొక ముద్దు. ఆ సంగతి ఐర్లండువాడికి ఎవరు చెప్పాలి? ఆయన వెళ్ళేటప్పుడు మా ఇద్దరి చేతులూ ఊపి, చాలా తెలుసుకున్నానని చెప్పి వెళ్ళాడు. మర్యాదకు అన్నాడనుకున్నాను.

మా అమ్మాయికి అప్పుడు పదిహేను దాటాయి. ఇక్కడ బడిలో మధ్యలో పరీక్షల ఒత్తిడి లేని సంవత్సరం ఒకటి ఉంటుంది. పిల్లలు ఆ ఏడాది పాఠాలు తగ్గించి లోకం చూస్తారు. దాని తరగతి ఆ బిల్లునే పట్టుకుంది. వానలో టోపీలు పెట్టుకుని ఇంటింటికీ తిరిగి సంతకాలు సేకరించారు. ఇంట్లో మాత్రం మాకు పెద్దగా చెప్పేది కాదు. మేము తెలుగులో అడిగితే ఐరిష్ యాసలో ఒక్క ముక్క ఇంగ్లీషు పడేసి మేడెక్కేది. టీడీ వచ్చిన రోజు అది ఇంట్లో లేదు. ఎవరో వచ్చి వెళ్ళారని తెలుసు, ఏం మాట్లాడారో తెలియదు.

బిల్లు మీద చర్చ జరిగే రోజు తరగతి మొత్తాన్నీ పార్లమెంటుకు తీసుకెళ్ళారు. సందర్శకుల వరసల్లో కూర్చోబెట్టారు. సాయంత్రం ఇంటికొచ్చింది. బూట్లు విప్పలేదు, కోటు తియ్యలేదు, వంటగదిలో నా ముందుకొచ్చి నిలబడింది. మనింటికి వచ్చి పులిహోర తిన్నది ఎవరు అని అడిగింది. చెప్పాను. అప్పుడు సభలో జరిగింది చెప్పింది. ఆ మనిషి లేచి, నేను ఈ బిల్లుకు వ్యతిరేకిని, కారణం చెబుతాను అన్నాడట. నా నియోజకవర్గంలోనే ఒక ఇంజనీరు ఉన్నాడు, ఇండియాలో పుట్టినవాడు, వాళ్ళింట్లో నిమ్మకాయ పిండిన పసుప్పచ్చటి అన్నం తిన్నాను, అక్కడ ఎవరికీ ఏమీ అందదని ఆయనే నాతో చెప్పాడు, మీరూ నేనూ పుస్తకాల్లో చదివింది కాదు, అక్కడ పుట్టినవాడి నోటి మాట అన్నాడట. కాగితం మీది రోడ్డు, కాగితం మీది గుంట కూడా చెప్పాడట. సభ నవ్విందట.

పెదవి దాటితే పృథివి దాటుతుందని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. పొయ్యి మీద పప్పు అడుగంటుతున్నా నాకు వాసన తెలియలేదు. మా భోజనాల బల్ల మీద పుట్టిన మాట, నవ్వి తుడిచేసుకున్న మాట, ఒక దేశపు చట్టసభలో సాక్ష్యంగా నిలబడింది. మన పిల్లల్లాంటి పిల్లలకు అన్నం పెట్టొద్దని చెప్పడానికి మా ఇంటి అన్నాన్నే వాడుకున్నాడు. కోపం ఆయన మీద రావాలో, మావారి మీద రావాలో, రండి రండి అని లాక్కొచ్చిన నా మీద రావాలో తేలలేదు.

మావారు వచ్చేసరికి ఆ సంగతి ఫోన్లో ఆయనకు ముందే చేరిపోయింది. తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఆ వీడియో ముక్క పెట్టారు. పులిహోర అనగానే ఎవరిల్లో పోల్చేశారు. మనవాడి మాట పార్లమెంటులో మోగిందని అభినందనలు, చప్పట్ల బొమ్మలు. ఉగాదికి ఆ టీడీని పిలిచి శాలువా కప్పుదామని ఒకాయన ప్రతిపాదించాడు, నలుగురు సై అన్నారు. మావారు కోటు తీస్తూ ఆ మెసేజీలు పైకి చదువుతున్నారు. ముఖంలో కొంచెం గర్వం కూడా ఉంది.

అమ్మాయి మెట్ల మీద కూర్చుని వింటోంది. అది నెమ్మదిగా, ఇంగ్లీషులోనే అడిగింది. మా టీచర్ ఎప్పుడూ ఒకటే అంటుంది, ఎవరికైనా అందిందంటే ఒక్క మనిషిని చూపించమని అవతలివాళ్ళు అడుగుతారు, మీరు చూపించగలగాలి అని. ఇవాళ ఆయన ఎవరికీ అందదని అన్నప్పుడు నాకు ఎవరినీ చూపించడానికి తోచలేదు. నిజంగా ఎవరికీ అందలేదా, డాడీ?

మావారు ఏదో జోకు వెయ్యబోయారు. వెయ్యలేకపోయారు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఫోను బల్ల మీద బోర్లా పెట్టారు.

"నాకైతే అందింది మా," అన్నారు.

ఇన్నేళ్ళ కాపురంలో నేను ఆ మాట వినలేదు. మాది పెద్దలు కుదిర్చిన పెళ్ళి. అప్పటికే ఆయనకు హైదరాబాదులో ఉద్యోగం. వాళ్ళది వ్యవసాయం, వాన సరిగా పడని నేల అని తెలుసు. అంతకు మించి ఆయన చెప్పలేదు, నేను తవ్వలేదు. ఆ సాయంత్రం చెప్పారు. వాళ్ళ ఊరి బడిలో మధ్యాహ్నం ఉప్మా పెట్టేవారట. రవ్వ, నూనె డబ్బాలు వేరే దేశం నుంచి ఓడల్లో వచ్చేవని మాస్టారు చెప్పేవాడట. ఆ రవ్వ మన రవ్వలా ఉండదు, పసుప్పచ్చగా, గరుగ్గా ఉంటుంది, ఆ నూనెకు ఒక తెలియని వాసన. ఆ వాసన రాగానే పలకలు పక్కన పడేసి పళ్ళేలు పట్టుకుని వరసలో నిలబడేవారట. పగటి పూట పొయ్యి వెలిగే ఇల్లు కాదు వాళ్ళది.

సగం సరుకు మధ్యలోనే మాయమయ్యేదట. నూనె డబ్బాలు పెద్దింటి వంటగదుల్లో కనబడేవట. అదంతా నిజమే. మిగిలిన సగం తిని నేను చదువుకున్నాను అన్నారు.

అమ్మాయి లేచి వచ్చి ఆయన పక్కన కూర్చుంది. నేను అక్కడే నిలబడిపోయాను. అది చాలదన్నట్టు ఆయన ఇంకొక మాట చెప్పారు. నాకు అసలు దెబ్బ అక్కడ తగిలింది.

మావారికి ఒక చెల్లెలు ఉంది. ఇప్పటికీ ఆ ఊళ్ళోనే ఉంటుంది. నన్ను వదినా వదినా అని ప్రాణం పెడుతుంది. వాట్సాప్‌లో ఒక్క అక్షరం రాయదు, అన్నీ మాటలే రికార్డు చేసి పంపుతుంది. కోళ్ళ అరుపులు, గిన్నెల చప్పుడు, మధ్యలో తన నవ్వు. మాటకారి మనిషి, రాయడానికి బద్ధకమేమో అనుకునేదాన్ని. తర్వాత తెలిసింది, చదువు రాదు. ఆడపిల్లకు చదువెందుకని మా అత్తగారే బడి మాన్పించి ఉంటుందని నేను తీర్మానించేసుకున్నాను. ఆ పెద్దావిడ బతికున్నన్నాళ్ళూ ఆ విషయంలో ఆవిడంటే నాకు లోలోపల ఒక చిన్నచూపు.

చెల్లెల్ని మా అమ్మ నాతోపాటే బడికి పంపింది అన్నారు మావారు. రెండు పళ్ళేలు ఇచ్చి పంపేది. అక్కడ తింటుంది గదా అని పంపేది. ఆ పిల్ల నాకంటే చురుకు, ఎక్కాలు నాకంటే ముందు అప్పజెప్పేది. ఒక ఏడాది సెలవులయ్యాక బడి తెరిచారు. రవ్వ రాలేదు. మరుసటి వారం వస్తుందన్నారు, వచ్చే నెల అన్నారు, తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. ఎందుకు ఆగిపోయిందో ఊళ్ళో ఎవరికీ తెలియదు. మా అమ్మ ఒక పూట ఆలోచించింది. మగపిల్లవాడు ఎలాగో ఆకలికి ఓర్చుకుని కూర్చుంటాడు, ఆడపిల్ల నా వెంట వేరుశనగ చేలోకి కలుపు తీయడానికి వస్తే కూలి ఇచ్చినవాళ్ళు ఒక ముద్ద సంగటైనా పెడతారు అంది. అంతే. చెల్లెలు మళ్ళీ బడి మొహం చూడలేదు.

ఎటో చూస్తూ అన్నారు.

"యాడో ఒక సభలో ఎవరో ఆపండి అని చెయ్యెత్తి ఉంటాడు. ఆయప్ప కూడా ఎవరింట్లోనో కాఫీ తాగే ఉంటాడు."

నేను ఏడ్చాను. అందులో దాచుకోవడానికేముంది. మా అత్తగారి కోసం ఏడ్చాను, ఆ రెండో పళ్ళెం కోసం ఏడ్చాను. అమ్మాయి మాత్రం ఏడవలేదు. ఓటింగు వచ్చే వారమే, ఇంకా అవ్వలేదు అంది. ఆయన దగ్గరికి వెళ్ళి చెప్పు డాడీ అంది. అంతే అంది, మేడ మీదికి వెళ్ళిపోయింది. ఆయన వెళ్తారా వెళ్ళరా అన్నది దానికి ఎంత పెద్ద విషయమో దాని నడకలోనే తెలిసింది. వెళ్ళకపోతే ఆ పిల్ల ఇక మా మాట దేన్నీ నమ్మదని నాకు భయం పట్టుకుంది.

వెళ్ళడం అంత తేలిక కాదు. అప్పటికి గ్రూపులో శాలువా రంగు దాకా వచ్చింది చర్చ. బడిలో దానం ఉప్మా తిన్నానని చెప్పుకోవడం మావారికి తల కొట్టేసినంత పని. ఆయన మూడు రోజులు సరిగా తినలేదు, ఎవరినీ నవ్వించలేదు. శనివారం పొద్దున గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, నువ్వు కూడా రా అన్నారు నాతో.

టీడీలు వారానికోసారి ఒక హాల్లో కూర్చుని జనం గోడు వింటారు. ఇక్కడ దాన్ని క్లినిక్ అంటారు. మాకంటే ముందు, ఇల్లు ఖాళీ చెయ్యమని నోటీసు వచ్చిన ఒక తల్లి, డ్రైనేజీ గొడవతో ఇద్దరు ముసలివాళ్ళు. మా వంతు రాగానే మా టీడీ లేచి నిలబడి చేతులు చాపాడు. ఆఫీసు మీటింగుల్లో గడగడా దొర్లే మావారి ఇంగ్లీషు ఆ రోజు ముక్కలు ముక్కలుగా వచ్చింది. అయినా మొత్తం చెప్పారు. ఉప్మా, ఓడలు, నూనె డబ్బాలు, సగం దొంగతనం, రెండు పళ్ళేలు, చెల్లెలు. నేను చెప్పిన మాట వెనక్కి తీసుకుంటున్నాను అన్నారు.

టీడీ మధ్యలో అడ్డు రాలేదు. ఆ రోజు మీరు చెప్పిందీ ఇవాళ చెబుతున్నదీ రెండూ వేరు వేరు కదా, నేను ఏది నమ్మాలి అని అడిగాడు. వెటకారంగా కాదు, నిజంగానే అడిగాడు.

"రెండూ నిజమే," అన్నారు మావారు. "దొంగలు తిన్నారు. మేమూ తిన్నాం."

టీడీ తల పంకించాడు. ఈ మాట ఆ రోజు మీ ఇంట్లోనే చెప్పి ఉంటే బాగుండేదన్నాడు. పార్టీ నిర్ణయం అయిపోయిందట. తన ప్రసంగం రికార్డుల్లోకి వెళ్ళిపోయిందట. అయినా ఆలోచిస్తానన్నాడు. వచ్చినందుకు మీరు గ్రాండ్ మనిషి అన్నాడు, ఇక్కడ మెచ్చుకోలుకు వాడే మాట.

ఆ సాయంత్రమే గ్రూపులో ఆయన నాలుగు వాక్యాలు రాశారు. నేను చెప్పింది తప్పు, నేను ఆ సాయం తిని పెరిగినవాణ్ణి, శాలువా మాట ఎత్తొద్దు అని. ఇరవై నిమిషాలకోసారి చప్పట్లు మోగే గ్రూపులో ఆ రాత్రంతా ఒక్కరూ మాట్లాడలేదు. మర్నాడు ఎవరో వేరే విషయం ఎత్తారు.

ఓటింగు అయింది. బిల్లు ఓడిపోయింది. మా టీడీ వ్యతిరేకంగానే ఓటు వేశాడు. ఆయన ఒక్క ఓటుతో గెలిచేదీ కాదు, ఓడేదీ కాదు. ఆ లెక్క నాకూ తెలుసు. అయినా మావారు టీవీ ఆపేసి తన వల్లే అన్నట్టు కూర్చున్నారు. అమ్మాయి వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసి కాసేపు నిలబడింది.

ఆదివారం చెల్లెలికి ఫోన్ చెయ్యడం మా ఇంటి ఆనవాయితీ. స్పీకర్లో పెట్టారు. ఆవిడ వాళ్ళ గేదె ఈనిన కబురు చెప్పింది, పెద్దకొడుకు పాలిటెక్నిక్ సంగతి చెప్పింది. అన్న గొంతులో తేడా పసిగట్టి, ఏమైంది న్నా అని అడిగింది. మావారు దాచలేదు. ఈ దేశంలో ఒక చట్టం తేవాలనుకున్నారని, అది ఓడిపోయిందని చెప్పారు. ఏమి చట్టమని అడిగింది. బీద దేశాల పిల్లోళ్ళకు పెట్టేది మధ్యలో ఆపకూడదని చట్టం అన్నారు. ఆవిడ నమ్మలేదు. ఎవరి పిల్లలకో వీళ్ళెందుకు చట్టం చేస్తాండారు అని రెండుసార్లు అడిగింది. అప్పుడు మావారు తాను ఆ టీడీతో ఏమన్నారో కూడా చెప్పేశారు. ఎవరికీ ఏమీ అందదన్నాను అని చెప్పారు.

అవతల కోడి ఒకటి అరిచింది. ఆవిడ కోపంగా ఏమైనా అని ఉంటే మాకు తేలికయ్యేది.

"మళ్ళా ఆయప్ప మీ ఇంటికొస్తే నాకు ఫోన్ చెయ్ న్నా," అంది. "నువ్వు మాట్లాడొద్దు. నేను జెప్తా."